బావను అన్నయ్యను చేసిన నవల

నేను ఇప్పటిదాకా చదివిన నవలలు మొత్తం కలిపి ఒకటి. అదీ నాకు నచ్చలేదు. కాబట్టి ఈ విషయంలో నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి. ఎనిమిదో తరగతిలో ఉండగా బడికి నా మీదా, నాకు బడి మీదా ఒకేసారి విసుగు పుట్టి, పెద్దగా గొడవ లేకుండా విడిపోయాం. ఆ తర్వాత నేను చదివినవి బస్సుల బోర్డులు, సినిమా పోస్టర్లు, ఫోనులో వచ్చే మెసేజులు. అలాంటివాణ్ణి ఇటుకంత లావున్న పుస్తకం ఎందుకు పట్టుకున్నానంటే, అందులో మా ఇంటి సంగతి ఉందన్నారు. మన సంగతి పుస్తకంలో ఉందంటే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది.

మా ఊరు మంగినపూడి పక్కన. తమ్ముడు పడవ మీద వేటకు వెళ్తాడు. నేను ఆటోలో చేపలు వేసుకుని బందరు, గుడివాడ మార్కెట్లు తిరుగుతాను. నేను వేటకు ఎందుకు వెళ్ళనని అడుగుతారు చాలామంది. పడవలో నా మాటలు వినేవాళ్ళకు లేచిపోవడానికి చోటుండదు. కుర్రతనంలో కొన్నాళ్ళు భరించి, జట్టువాళ్ళంతా కలిసి దణ్ణం పెట్టి నన్ను ఒడ్డునే ఉండమన్నారు.

ఏటా ఎండాకాలం రెండు నెలలు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. నిషేధం ఎత్తేసిన రోజు ఊళ్ళో ఎవరి పద్ధతి ప్రకారం వాళ్ళు అమ్మవారికి మొక్కుకుని పడవ దింపుతారు. మా ఇంట్లో ఇంకోటి ఎక్కువ. పసుపు కుంకుమలు అయ్యాక, వల పడవలోకి ఎక్కించే ముందు దానికి సాంబ్రాణి పొగ వేయించాలి. ఆ పొగ మా వాళ్ళు వేయకూడదు. బందరులో ఒక ముస్లింల ఇంటి నుంచి మనిషి వచ్చి వేయాలి. వాళ్ళకు అత్తరు, సాంబ్రాణి అమ్మే చిన్న కొట్టుంది. మా తాతకు వాళ్ళ తాత బావ. మా నాన్నకు వాళ్ళ నాన్న బావ. నాకు ఇతను బావ. చుట్టరికం ఎక్కడ మొదలైందని అడక్కండి. ఎవరికీ తెలీదు.

పొగ వేయడమంటే వేసి వెళ్ళిపోవడం కాదు. వేసేవాడు వలను తిట్టాలి, పడవను తిట్టాలి, ఓపికుంటే మమ్మల్ని కూడా తిట్టాలి. బావ వరసవాడు తిడితే వలకున్న దిష్టంతా ఆ తిట్టుతో పోతుందని మా వాళ్ళ లెక్క. మేం తిరిగి తిట్టాలి. ఒడ్డున నిలబడ్డవాళ్ళు నవ్వాలి.

"ఏంట్రా బామ్మర్దీ ఇది, వలా దోమతెరా? దీంట్లో దోమలన్నా ఆగుతాయా?" అంటాడు బావ పొగకుండ తిప్పుతూ.

"దోమలెక్కడివి బావా, నీ అత్తరు వాసనకి ఎప్పుడో చచ్చాయి."

"ఈ పడవని చూసి సముద్రం సిగ్గుపడుద్ది."

"నిన్ను చూసి మా చెల్లెమ్మ రోజూ పడట్లా?"

ఇలా సాగుతుంది. మా అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ రోజు ఎంత నవ్వితే ఆ ఏడు వలకు అంత మేలని ఆవిడ నమ్మకం. నాకైతే ఏడాదికంతా అదే పండగ. నోరున్నవాడికి నోరున్నవాడు ఎదురుపడి, ఊరంతా చూస్తుండగా ఎవరికీ కోపం రాకుండా తిట్టుకోవడం కంటే గొప్ప సుఖం నాకు తెలిసి లేదు.

కొన్నేళ్ళ కిందట ఇది చూడటానికి గుడివాడ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నెమ్మదైన మనిషి. మా ఇంట్లో చాప మీద కూర్చుని, అమ్మ పెట్టిన పులుసన్నం తిని, "ఈ పొగ వెనక కథేంటమ్మా?" అని అడిగారు.

"కథేముందండీ. ఆయనొస్తాడు. మేం రమ్మంటాం."

"ఎందుకు రమ్మంటారు?"

"రాకపోతే ఎట్లాగండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "దీని వెనక ఏదో పెద్ద రహస్యం ఉందమ్మా" అన్నారు. ఆయన బస్సెక్కాక అమ్మ నన్ను నిలదీసింది. "రహస్యమేంట్రా? ఊరంతా నిలబడి నవ్వేదాంట్లో రహస్యం ఎక్కడ దాచిపెడతారు?"

అమ్మ మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. ఆ మాట నాకు పంట్లో ఇరుక్కున్న ముల్లులా ఉండిపోయింది. నిజమే, ఎందుకు వస్తారు వాళ్ళు? నాన్నను అడుగుదామంటే నాన్న లేడు. బావను అడిగితే, "మీరు పెట్టే రొయ్యల వేపుడు కోసం" అన్నాడు. పెద్దాయన నవల రాస్తున్నారని తెలిసినప్పటి నుంచి, అదేదో నా జాతకం ఎవరో రాస్తున్నట్టు ఎదురుచూశాను.

ఈ ఏడు వేట నిషేధంలో వచ్చింది పుస్తకం. అట్ట మీద ఓడ, ఓడ వెనక చందమామ, చందమామ కింద ఏడుస్తున్న ఆడమనిషి. పేరు చెప్పను. చెబితే కొనేస్తారు, కొన్నాక నన్ను తిడతారు. సముద్రపు చేప లేదు కాబట్టి ఆటోకు పని తక్కువ. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పడవ నీడలో కూర్చుని ఒక పేజీ, లేచి టీ కొట్టు దాకా నడిచి ఒక పేజీ, ఆటో సీటులో కాళ్ళు బయటికి చాపి ఒక పేజీ. వేలు పెట్టుకుని చదివాను. ఆ నవల అంత దూరం నడిచి చదివినవాడు ఇంకొకడు ఉండడు.

అమ్మకు మొదట్లో పైకి చదివి వినిపించాను. కొంచెం విని, "ఈవిడ ఇంకా ఏడుస్తానే ఉందా?" అంది. ఉందన్నాను. "అన్నం ఎప్పుడు వండుద్ది?" అని లేచి వెళ్ళిపోయింది.

కథ ఇదీ. బందరు రేవులో పరాయిదేశాల ఓడలు ఆగే కాలం. మా ఊళ్ళాంటి ఊళ్ళో, కాదు, పేరుతో సహా మా ఊళ్ళోనే, ఇద్దరు అన్నదమ్ములు. తుఫానులో అన్న కొట్టుకుపోతాడు. ఒక ఫకీరు బతికిస్తాడు. ఆ కృతజ్ఞతతో అన్న ఆ మతంలో కలిసిపోతాడు. ఇంటికొస్తే, అమ్మవారి భక్తురాలైన తల్లి తలుపు వేసేస్తుంది. అప్పటి నుంచి ఏటా వేట మొదలయ్యే రోజున అతను పొగకుండ పట్టుకుని వస్తాడు. పొగ దట్టంగా వేస్తాడు, తన ముఖం ఎవరికీ కనబడకుండా. ఆ పొగ మాటున నిలబడి తల్లిని చూసుకుని వెళ్ళిపోతాడు. తమ్ముడికి కూడా తెలీదు. చివరి పేజీల్లో తమ్ముడి మనవడికి తెలుస్తుంది. నాకు మాత్రం తుఫాను వచ్చినప్పుడే తెలిసిపోయింది.

పొగ మాటున తల్లిని చూసుకోవడం దగ్గర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరుకున్నాను. ఆ ముక్క బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మిగతాదంతా తిరగేసి చూశాను, మళ్ళీ మొదటికెళ్ళి చూశాను. ఒక్క తిట్టు లేదు. ఒక్కడు నవ్వలేదు. పొగ వేసేటప్పుడు అందరూ తలలు వంచుకుని నిలబడతారు. ప్రతి మనిషీ దేవుడి గురించి రెండేసి పేజీలు మాట్లాడతాడు. మా ఊళ్ళో దేవుడి గురించి అంతసేపు మాట్లాడితే చేప కుళ్ళిపోతుంది. పెద్దాయన మా ఇంటికొచ్చి పులుసు తిని, నవ్వంతా విస్తరి పక్కన వదిలేసి, పొగ ఒక్కటి పట్టుకెళ్ళారు. నేను ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీనికోసమా అని ఒళ్ళు మండింది.

ఒళ్ళు మండటంతో అయిపోతే బాగుండేది. పుస్తకం ఊళ్ళో చేతులు మారింది. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పారు. ఒకరోజు పొద్దున్నే పెదనాన్న కబురు పెట్టాడు. పెదనాన్న అంటే మా నాన్నకు అన్న, ఊళ్ళో పడవలు ఎప్పుడు దిగాలో చెప్పే పెద్ద. ఆయన కొబ్బరికాయ కొడితేనే పడవ కదులుతుంది.

"ఏరా, వాళ్ళూ మనమూ అన్నదమ్ములంటగా?" అన్నాడు.

"అది కథ పెదనాన్నా."

"కథైతే మన ఊరి పేరెందుకేస్తారు? పొగ మన పొగే కదా? అంత చదువుకున్నాయన ఊరికే వేస్తారా? ఎక్కడో చూసే ఉంటారు."

"చూస్తే మనకి చెప్పరా?"

"ఇట్టాంటివి మొహాన చెప్తారంట్రా? అందుకే పుస్తకంలో చెప్పారు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇప్పుడు చిక్కొచ్చింది. బావ తిడితే దిష్టి పోద్ది. అన్న తిడితే తగులుద్ది. ఇంటి పెద్దోడి నోట్లోంచి 'నీ వల్లో ఏం పడదు' అని వస్తే, అది తిట్టంటావా, శాపమంటావా?"

నేను నోరు తెరిచి, మూసుకున్నాను. నా జీవితంలో అరుదైన విషయం.

"మరి తిట్టకుండా పొగేస్తే?"

"తిట్టు లేకపోతే ఆ పొగ దేనికి? దోమలకా? వరస తేల్చుకోండి. బావైతే వచ్చి తిట్టమను. అన్నైతే రావద్దను. ఏదీ తేలకుండా నేను కాయ కొట్టను."

తమ్ముడు ఇంకా సూటిగా చెప్పాడు. "పొగ లేకపోతే జట్టోళ్ళు పడవెక్కరు అన్నయ్యా. వేరే పడవలకి ఎల్లిపోతారు. నీ మాటలతో ఏదో ఒకటి చెయ్యి. ఇన్నాళ్ళూ వాటిని ఊరికేగా భరించింది."

అదే రోజు బందరు వెళ్ళాను. బావ కొట్టు మూసి ఉంది. వెనకే ఇల్లు. చెల్లెమ్మ, అంటే బావ భార్య, గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది.

"రా అన్నయ్యా. అన్నయ్యా అనాలా, మరిదిగారూ అనాలా? నీకోసమే ఆలోచిస్తున్నా."

"నువ్వు కూడానా చెల్లెమ్మా?"

"పెళ్ళైన రోజు నుంచి అన్నయ్యా అని పిలుస్తున్నా. ఇప్పుడు మీ ఇద్దరూ అన్నదమ్ములైతే నేను నీకు వదిన్ని. వదినంటే కాళ్ళకి దణ్ణం పెట్టాలి, తెలుసుగా?" అంది. నవ్వింది కానీ వెంటనే ఆపేసింది. "ఆయన ఇక్కడ లేడు. నాగాయలంకలో అమ్మాయి దగ్గరికెళ్ళాడు, పుస్తకం పట్టుకుని. చదివినన్ని రోజులూ ఏడుస్తానే ఉన్నాడు అన్నయ్యా."

"కోపమొచ్చిందా? జనం ఏమన్నా అన్నారా?"

"అడిగేవాళ్ళు అడిగారు. దానికి కాదు. నువ్వే వెళ్ళి మాట్లాడు."

జనం నోళ్ళకు సిగ్గుపడి వెళ్ళిపోయాడనే అనుకున్నాను. ముందు ఆ మచ్చ చెరిపించి, అప్పుడు బావ దగ్గరికి వెళ్దామని మర్నాడు గుడివాడ బయల్దేరాను. చెరువు చేపల బాడుగ ఒకటి దొరికింది. వాటిని మార్కెట్లో దింపి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని పెద్దాయన ఇంటికి వెళ్ళాను. వాసన మాత్రం నాతోపాటే లోపలికి వచ్చింది. ఆయన పట్టించుకోలేదు. కుర్చీ వేశారు. కాఫీ తెప్పించారు. నేను కుర్చీ అంచున కూర్చుని, లేచి, కిటికీ దగ్గర నిలబడి, జరిగిందంతా చెప్పాను.

"మీ ఊళ్ళో నమ్మారా?" అన్నారు. ముఖం వెలిగిపోయింది.

"నమ్మబట్టే వచ్చానండీ."

"ఆయన ఏడ్చారా? ఏ చోట? మీకేమన్నా చెప్పారా?"

"అయ్యా, మా పడవ ఒడ్డు మీద ఉంది. మీరు కల్పించానని మా పెదనాన్నకు ఒక్క ముక్క చెబితే నీళ్ళల్లోకి దిగుద్ది."

"కల్పించానయ్యా, నిజమే. ఎక్కడా ఆధారం లేదు. కానీ అలా జరగలేదని మాత్రం నేనెలా చెప్పగలను?"

"మీరు రాశారుగా, మీరు చెప్పలేకపోతే ఎవరు చెబుతారండీ?"

ఆయన నవ్వారు. మంచి నవ్వే. అది చూశాక అడక్కుండా ఉండలేకపోయాను. "మా తిట్లన్నీ తీసేశారేంటండీ?"

"అవి పెడితే బరువు తగ్గిపోతుందయ్యా. విశ్వాసం గురించి రాస్తున్నాను కదా."

"మాకు కావలసింది బరువు తగ్గడమేనండీ. బరువు తగ్గితేనే పడవ తేలేది."

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత, "నవ్వించడం నాకు రాదయ్యా. రెండు మూడు సార్లు రాసి చింపేశాను. మీ వాళ్ళ మాటలు నా చేతిలోకి వచ్చేసరికి చచ్చిపోయేవి" అన్నారు. దాంతో నా కోపం సగం దిగిపోయింది. సగం దిగిన కోపం చాలా ఇబ్బంది. వాడటానికీ పనికిరాదు, పారేయడానికీ మనసొప్పదు.

పాపం, ఫోను చేశారు. నేనే కలిపి ఇచ్చాను, స్పీకరు పెట్టి.

"నమస్కారమండీ. ఆ నవలలో అన్నదమ్ముల కథ నా కల్పన అండీ. మీ కుటుంబానికీ దానికీ సంబంధం లేదు."

"ఆయ్ ఆయ్, నమస్కారమండీ," అవతల పెదనాన్న గొంతు పాకం పట్టినట్టుంది. "మీరు పెద్దమనసుతో అట్టా అంటన్నారు గానీ, మాకు అర్థమైందిలెండి. మా పరువు పోకూడదని దాస్తన్నారు. మీ మేలు మర్చిపోమండి."

"లేదండీ, నిజంగానే..."

"ఇంక చెప్పకండి బాబూ. చాలు. అంతమాట అన్నారు, అదే పదివేలు."

ఫోను పెట్టేశాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కాదనడానికి రాసినాయనే ఫోను చేశారంటే అది నిజమేనని ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. గుడివాడ వెళ్ళి నేను సాధించుకొచ్చింది అది.

మర్నాడు నాగాయలంక. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, అవనిగడ్డ మీదుగా. ఖాళీ ఆటో ఎగిరెగిరి పడుతోంది. దారంతా బావతో అనాల్సిన మాటలు తయారుచేసుకున్నాను. 'ఏం బావా, రాజుగారి కొడుకువని తెలిసిందంటగా' అని మొదలుపెడదాం. కాదు, 'ఓడలో వెళ్ళిపోయావనుకున్నా' అందాం. ఎదురుగా వచ్చే లారీవాడు నా పెదాలు కదలడం చూసి జాలిగా హారన్ కొట్టాడు.

బావ అల్లుడికి రొయ్యల చెరువుంది. గట్టు మీద తాటాకు పాక. నీళ్ళలో రొయ్యలకు గాలి కొట్టే చక్రాలు గిరగిరా తిరుగుతూ నురగ కొడుతున్నాయి. బావ పాకలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి ఎదురొచ్చాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రా తమ్ముడూ. ఈ ఎండలో వచ్చావా? తలకి గుడ్డన్నా కట్టుకోవద్దూ?"

నేను దారి పొడుగునా కూడగట్టిన మాటలన్నీ ఆ గట్టు మీదే రాలిపోయాయి. తమ్ముడంట! తలకి గుడ్డంట! ఏడాది కిందట ఇదే మనిషి, ఎండకి నా తలలో ఉన్న కాస్త మట్టీ ఎండి రాలుద్దని అన్నాడు.

"ఏం బావా, మొహం అలా పెట్టావు, అత్తరు సీసా పగిలిందా?" అన్నాను.

"కూర్చో. మజ్జిగ తాగు. బండి నడిపేటప్పుడు ఫోను మాట్లాడకు తమ్ముడూ, రోడ్లు బాగాలేవు."

"బావా, నేను ఏడ్చేలా ఉన్నాను. ఒక్కసారి తిట్టు."

నవ్వలేదు. దిండు కింద నుంచి పుస్తకం తీశాడు. పేజీలు వాడి మెత్తబడిపోయాయి. "నీకు నచ్చలేదటగా?" అన్నాడు.

"నచ్చలేదు. ఒక్కడూ నవ్వడు దాంట్లో."

"నవ్వే చోటు కాదు కదా అది." చెరువు వైపు తిరిగాడు. "నాకు అక్కలే గాని తమ్ముడు లేడు. నాన్న పోయిన రోజు నువ్వొచ్చావు. గుర్తుందా? పొద్దుటి నుంచీ ఉన్నావు. కానీ బయట గేటు దగ్గరే నిలబడ్డావు."

"బావ వరసవాణ్ణి, పైగా ఆ పద్ధతులు నాకు తెలీవు. అడ్డమవుతానని..."

"తప్పు పట్టట్లేదు. బావ అక్కడిదాకే వస్తాడు. తమ్ముడైతే లోపలికొచ్చేవాడు కదా అనుకున్నా ఆ రోజు. ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకం చదువుతుంటే... ఎవరో నా లోపలి మాట విని రాసినట్టుంది."

గట్టు మీద ఇద్దరమే. అంతసేపూ ఒక చోట కదలకుండా కూర్చున్నానని తర్వాత ఆలోచిస్తే నాకే ఆశ్చర్యమేసింది. నేను తిట్టుకున్న పుస్తకం ఇతనికి ఒక తమ్ముణ్ణి ఇచ్చింది. నేనొచ్చింది ఆ తమ్ముణ్ణి లాక్కుపోవడానికి.

అయినా చెప్పాల్సింది చెప్పాను. పెదనాన్న మాట, జట్టు మాట, తమ్ముడి మాట.

"పొగ వేస్తా," అన్నాడు. "ఈసారి తిట్టను. దీవిస్తాను. అన్న దీవిస్తే మంచిదే కదా?"

"దీవిస్తే పెదనాన్న కాయ కొట్టడు బావా. పడవ దిగదు." అసలు మాట కూడా అనేశాను. "పడవ సంగతి అలా ఉంచు. నాకు అన్నలు దొరుకుతారు. రోడ్డు మీద వెళ్ళే ప్రతివాడూ అన్నలాగే సలహా చెప్తాడు. నన్ను తిట్టేవాడు నువ్వొక్కడివే. నువ్వు మానేస్తే నేనెవరితో మాట్లాడాలి?"

అతను పుస్తకం మళ్ళీ దిండు కింద పెట్టాడు. "నీకు సొంత తమ్ముడు ఉన్నాడు కాబట్టి అంత తేలిగ్గా అంటున్నావు," అన్నాడు. వస్తానని అనలేదు. రానని అనలేదు. భోజనం చేసి వెళ్ళమన్నాడు, చేశాను. అవనిగడ్డ దాకా నాకు నా ఆటో చప్పుడే వినబడలేదు.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లారకముందే ఊరంతా ఒడ్డున ఉంది. మా పడవకు అమ్మ పసుపు రాసింది. జట్టువాళ్ళు ఎక్కకుండా, వెళ్ళకుండా, పడవకు కాస్త ఎడంగా నిలబడ్డారు. పెదనాన్న కొబ్బరికాయ చంకలో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. నేను పడవ చుట్టూ తిరుగుతున్నాను. "అన్నయ్యా, ప్రదక్షిణలు ఆపు, దేవుడనుకుంటారు," అన్నాడు తమ్ముడు. వాడికి కూడా అప్పుడప్పుడు వస్తాయి.

ఆటో వచ్చింది. బావ దిగాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల టోపీ, చేతిలో పొగకుండ. నిప్పులు చెల్లెమ్మ ఇచ్చి పంపినట్టుంది, ఎర్రగా ఉన్నాయి. ఎవరితోనూ మాట్లాడకుండా నడిచొచ్చి వల ముందు నిలబడ్డాడు. సాంబ్రాణి చల్లాడు. పొగ గుప్పున లేచింది. అతని ముఖం సగం కనబడటం మానేసింది.

పొగలోంచి నన్ను చూశాడు. ఆ చూపు నేను పుస్తకంలో చదివాను. నోరు తెరిచాడు. "తమ్..."

పెదనాన్న చంకలో కాయ సర్దుకుంటున్న చప్పుడు నా చెవి పక్కనే.

"ఏంటి బావా ఈ కంపు?" అన్నాను గట్టిగా. "సాంబ్రాణంటే ఇదేనా? కర్రల అడితి నుంచి రంపపు పొట్టు ఊడ్చుకొచ్చావా?"

బావ చెయ్యి ఆగింది.

"మా వలకి దగ్గొస్తంది. బందరు జనం పాపం దేవుడి ముందు ఇదే వేసుకుంటున్నారా? అందుకే ఎవరి కోరికలూ తీరట్లా."

అతన్ని ఏమైనా అనొచ్చు. సరుకుని అంటే పడడు. వాళ్ళ తాతల నాటి నుంచి ఉన్న కొట్టు. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"పొట్టా? నా సాంబ్రాణి పొట్టా? ఒరే బామ్మర్దీ, జీవితంలో మంచి వాసన ఎరుగుదువా నువ్వు? నీ ఆటో వస్తుంటే గుడివాడలో పిల్లులు ఊరేగింపు కడతాయి! ఈ వలకి కన్నాలెక్కువా, నీ బుర్రకెక్కువా? దీంట్లో చేప పడటమా! చేప ఇటునుంచొచ్చి అటు వెళ్తూ మీకు నమస్కారం పెట్టి పోద్ది!"

ఎవరో కిసుక్కుమన్నారు. జట్టులో ఒకడు పగలబడి నవ్వాడు. అమ్మ కొంగు నోటికి వెళ్ళింది.

"నమస్కారం పెట్టే చేపన్నా మాకు పడుద్ది బావా, నీ కొట్టుకి ఈగ కూడా రాదు," అన్నాను.

"ఈ పడవని మీ తాత కట్టాడా, మీ తాతని పెట్టి కట్టారా? అంత ముసలిదిరా ఇది!"

"బావే," అన్నాడు పెదనాన్న అందరికీ వినబడేట్టు, తీర్పు చెప్పినట్టు. "అన్నైతే తాతని అట్టా అనడు. ఆయనకీ తాతేగా!" కాయ ఫెడేల్మని పగిలింది. జట్టువాళ్ళు భుజాలు పెట్టారు. పడవ ఇసుక మీద మూలుగుతూ జారి, నీళ్ళు తగిలి తేలిపోయింది.

బావను నా ఆటోలోనే బందరు తీసుకెళ్ళాను. పొగకుండ చల్లారి అతని కాళ్ళ మధ్య ఉంది. ఉప్పుమడుల దగ్గర గాలి ఎక్కువై ఆటో పక్కకు లాగేస్తోంది.

"పొట్టన్నావు," అన్నాడు.

"ఇంకేం తోచలేదు బావా."

"తెలుసు." మళ్ళీ కాసేపటికి, "ఒకటి అడుగుతా. ఆ పుస్తకంలో రాసింది అబద్ధమని నీకెలా తెలుసు?"

రాసినాయన చెప్పారు కదా అందామనుకున్నాను. ఆధారం లేదన్నారు కదా అందామనుకున్నాను. పుస్తకం వచ్చిన రోజు నుంచీ గుడివాడ అనీ నాగాయలంక అనీ తిరుగుతూ అబద్ధం అబద్ధమని అందరితో వాదిస్తున్నాను. ఎలా తెలుసో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అబద్ధమైతే నాకు బావ మిగులుతాడు, అంతే.

"తెలీదు బావా," అన్నాను.

అతను తల ఊపి రోడ్డు వైపు తిరిగాడు. ముందున్న బస్సును దాటేద్దామని నేను వేగం పెంచాను. "మెల్లగా పోనీరా. ఎక్కడికంత తొందర?" అన్నాడు. బావలా అన్నాడో, ఇంకోలా అన్నాడో ఆ గాలిలో నాకు తేలలేదు. నా చెయ్యి మాత్రం నన్ను అడక్కుండానే వేగం తగ్గించింది. తగ్గించినందుకు దాని మీద నాకు బందరు దాకా ఒళ్ళు మండుతూనే ఉంది.